ఆది జాకెట్ లేని పిల్ల

మా ఇంటి ముందుగది గోడకు నలభై మేకులున్నాయి. ఒక్కో మేకుకు ఒక్కో జాకెట్. ఛత్రినాకలో మా గల్లీ ఆడవాళ్ల ఆది జాకెట్లు అవి. కొత్త జాకెట్ కుట్టించుకోవాలంటే ఒంటికి కుదిరిన పాతది ఒకటి తెచ్చివ్వాలి. మా అమ్మ రాజమణి దాన్ని కొత్త గుడ్డ మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి, కత్తెర పెడుతుంది. టేపుతో పనిలేదు. ఎవరి నడుము ఎంతో, ఎవరి చేతి దండ ఎంతో నోటితో పలకాల్సిన పనీ లేదు. మా గల్లీ ఆడవాళ్లకు ఆమె అంటే అంత నమ్మకం అందుకే. ముప్పై ఏళ్లలో ఒక్కరి లెక్క కూడా ఆ గది దాటి బయటికి పోలేదు.

చివరి మేకు మీద ఉన్నది అమ్మ సొంత ఆది జాకెట్. పెళ్లినాటిది. దాని మీద కుట్టుకున్న జాకెట్లకు కింది హుక్కు ఎప్పుడూ పట్టదు. కొంగు అడ్డం వేసుకుని తిరుగుతుంది.

ఆ నలభై మేకుల్లో నాది లేదు. ఈ సంగతి నాకు ఇరవై నాలుగేళ్లు వచ్చేదాకా తట్టలేదు. నేను ఆ ఇంట్లోనే పుట్టి, ఆ మేకుల కిందే పాకి, ఆ మెషిన్ చప్పుడుకే నిద్రపోయిన దాన్ని. పైగా ఫ్యాషన్ డిజైనింగ్‌లో రెండేళ్ల డిప్లొమా చేశాను. నా తెలివికి ఇంతకు మించి సర్టిఫికెట్ అక్కర్లేదు.

నా పేరు ఆశ్రిత. నా బట్టలన్నీ మా అక్క సోనీ ఆది జాకెట్ మీద కుట్టినవే. సోనీ అగరుబత్తి లాంటి మనిషి. నేనేమో, మా బాపు మాటల్లో, మంచిగ తిన్న పిల్లను. అమ్మ సోనీ జాకెట్ పరిచి, అంచుల పక్కన వేళ్లు పెట్టి, అందాజాగా కాస్త ఎక్కువ గీసేది. అదే నా కొలత. సోనీ పెళ్లయి ఉప్పుగూడ వెళ్లిపోయింది గానీ, దాని జాకెట్ నా కోసం ఇక్కడే ఉండిపోయింది.

అలా కుట్టిన బట్టల్లో నాకు కుడి భుజం ఎప్పుడూ బిగుతే. వేళ్లతో అక్కడ పట్టుకుని లాక్కోవడం అలవాటైపోయింది. 'రాజమణి చిన్న బిడ్డ కొంచెం వంగి నడుస్తది' అని గల్లీలో అనుకునేవాళ్లు. నా ముఖం మీద అంటే ఊరుకునేదాన్ని కాదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వెనక అంటే ఏం చేస్తాం?

డిప్లొమా అయి ఏడాది దాటినా ఉద్యోగం రాలేదు. ఆఖరికి మా బాపు ఒకటి చూశాడు. ఉస్మాన్‌గంజ్‌లో ఆయనకు తెలిసిన అభిషేక్ అన్న వాళ్లది మిర్చి హోల్‌సేల్ దుకాణం, తాతల నాటిది. బిల్లింగ్ కౌంటర్‌లో ఒక మనిషి కావాలట. ఒకటో తారీఖు గురువారం నుంచి రమ్మన్నారు. అభిషేక్ అన్న మంచివాడే. మిర్చితోనే నా పేచీ. ఆ వీధిలో నడిస్తేనే నాకు ఇరవై తుమ్ములొస్తాయి. జన్మంతా తుమ్ముకుంటూ బిల్లులు కొట్టడం తలుచుకుంటే ఏడుపొచ్చేది.

సరిగ్గా అప్పుడే, ఎప్పుడో పెట్టుకున్న దరఖాస్తుకు బంజారాహిల్స్ నుంచి ఫోన్ వచ్చింది. కీర్తిప్రియ అనే డిజైనర్ తన స్టూడియోలో కొలతలు తీసి, కటింగ్‌లో సాయం చేసే అసిస్టెంట్ కోసం చూస్తోంది. శనివారం రమ్మన్నారు. ఒకటే షరతు, సొంతంగా డిజైన్ చేసి కుట్టుకున్నది వేసుకుని రావాలి.

నా దగ్గర అప్పటికే ఒకటుంది. మా బాపు రాజన్న సిటీ బస్సు కండక్టర్. ఆయన పాత ఖాకీ యూనిఫాంలు విప్పదీసి, ఎప్పటిలాగే సోనీ జాకెట్ మీద గీసి పొడుగు కోటు కుట్టాను. లోపల లైనింగ్ అంతా కత్రన్, అంటే అమ్మ కత్తెర కింద మిగిలిన ముక్కలు. అమ్మ మూట కట్టి దాచిన ముప్పై ఏళ్ల ముక్కలవి. బయటి నుంచి చూస్తే బస్ డిపో. ఒక బటన్ తీస్తే లోపల పండగ. ఆ కోటు మీద నాకు ఎంత గర్వమో చెప్పలేను. శనివారం అది వేసుకుని, అఫ్జల్‌గంజ్‌లో బస్సు మారి, పావుగంట ముందే అక్కడ దిగాను.

కీర్తిప్రియ మేడంకు నలభై ఐదేళ్లు ఉంటాయి. నెరిసిన జుట్టుకు రంగు వేయలేదు, అది కూడా నగలాగే ఉంది. నా డ్రాయింగులు చూసి, కోటు బటన్లు తీయమని లైనింగ్ చూసింది.

"ఈ ముక్కలన్నీ ఎక్కడివి?"

"మా గల్లీవి మేడం. ఈ ఆకుపచ్చది ఎదురింటి సుగుణమ్మ అత్త గృహప్రవేశం జాకెట్‌ది. ఈ పసుపుది మా అక్క ఎంగేజ్‌మెంట్‌ది. మా అమ్మ ఏ ముక్కా పారేయదు."

ఆమె నవ్వింది. నా చుట్టూ ఒకసారి తిరిగింది. నా వేళ్లు వాటంతట అవే కుడి భుజం మీదికి పోయాయి.

"లోపలికి వచ్చినప్పటి నుంచి ఆ భుజం పదకొండు సార్లు లాగావు," అంది. "గుడ్డ నీది, ఆలోచన నీది. కొలత ఎవరిది?"

"నాదే మేడం."

ఆమె మెడలో వేలాడుతున్న టేపు తీసి నా వైపు వచ్చింది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఎందుకు వేశానో నాకే తెలియదు. ఆమె ఆగి, టేపు మళ్లీ మెడలో వేసుకుంది.

"పోనీ నువ్వే చెప్పు. నీ భుజం ఎంత?"

కాలేజీలో మనిషంత బొమ్మలకు కుట్టేవాళ్లం. ఆ బొమ్మల కొలతలు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నావి నాకు తెలియవు. అక్కడే మెషిన్ల దగ్గర కూర్చున్న ఇద్దరమ్మాయిలు తలలు దించుకున్నారు, నవ్వు దాచుకోవడానికే అనిపించింది.

"చూడు ఆశ్రితా," అంది మేడం. "బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన మనిషి మొదట ఒళ్లు అప్పజెప్పేది టేపు పట్టుకున్న వాళ్లకు. టేపు చూసి వెనక్కి పోయే మనిషిని ఆ చోట ఎలా నిలబెట్టను? బుధవారం మళ్లీ రా. ఇదే కోటు, నీ కొలతకు. అద్దం ముందు నువ్వే తీసుకుంటే కుదరదు. ఎవరితోనైనా తీయించుకో. నప్పితే గురువారం నుంచి పని."

గురువారం నుంచి ఇక్కడ పని, లేదా గురువారం నుంచి మిర్చి. బస్సులో దారంతా మేడంను తిట్టుకున్నాను. మూసీ దాటేసరికి తిట్లు అయిపోయి నా మీదే కోపం మిగిలింది.

కుదరదు అంటే నేను వింటానా? ఆదివారం చర్చి నుంచి రాగానే తలుపు గడియ పెట్టి అద్దం ముందు నిలబడ్డాను. చెయ్యెత్తితే భుజం కదిలింది. చెయ్యి దించితే టేపు జారింది. మూడుసార్లు తీస్తే మూడు లెక్కలొచ్చాయి. సోనీకి ఫోన్ చేశాను.

"కొలతలెందుకే, నా జాకెట్ ఉండనే ఉన్నది కద," అంది. "గదే పరుచుకొని గీస్కో."

పెట్టేశాను.

సోమవారం మెయిన్ రోడ్డు మీద సోమయ్య టైలర్ దగ్గరికి వెళ్లాను. నన్ను చూడగానే ఆయన కత్తెర కింద పెట్టేశాడు.

"రాజమణి బిడ్డకు నేను టేపు వెట్టాల్నా? ఇంకేమన్నున్నదా? రేపు పొద్దుగాల మీ అమ్మ నా దుకాణం ముందట లొల్లి వెడ్తది. అంతగనం గావాలంటే ఆది జాకెట్ తే బిడ్డా, కుట్టిస్త."

ఊళ్లో అందరికీ ఆది జాకెట్టే కావాలి. నాకే ఒకటి లేదు. సోమయ్య దుకాణం మెట్లు దిగుతుంటే ఈ మాట మొదటిసారి నా బుర్రకు ఎక్కింది, ఎక్కిన వెంటనే మంటెత్తింది.

ఆ సాయంత్రం అమ్మ మెషిన్ ముందు ఉంది. బాపు డ్యూటీ దిగి వచ్చి అరుగు మీద చాయ్ తాగుతున్నాడు. నేను టేపు తీసుకెళ్లి మెషిన్ మీద పెట్టాను.

"అమ్మా, నాకు కొలతలు తియ్యి."

అమ్మ తల ఎత్తలేదు. "సోనీ జాకెట్ ఉన్నది కద."

"నేను సోనీని కాను."

"ఇరవై నాలుగేండ్లు నేను కుట్టినవే తొడిగినవ్. ఒక్కనాడన్న కుట్టు ఊడిందా? గిప్పుడు బంజారాహిల్స్ వోయి వచ్చినంక నా పని పనికి రాకుండవాయె?"

"నీ పనిని ఎవరంటున్నరే. గోడకు నలభై మందివి ఏలాడదీసినవ్. అందులో నీ కడుపున పుట్టినదానిది లేదు. నేను నీకు గిరాకీకొచ్చేటోళ్ల పాటి గూడ కానా?"

మెషిన్ ఆగింది. అరుగు మీద చాయ్ గ్లాసు చప్పుడు కూడా ఆగింది. అమ్మ టేపును చూసింది, ముట్టుకోలేదు.

"నీకు యాది లేదా?" అంది.

"ఏంది?"

"నీకు పదేండ్లు గప్పుడు. క్రిస్మస్‌కు నెట్ ఫ్రాక్ గావాలన్నవ్. నెట్ కుట్టుడు నాకు రాకపాయె. అఫ్జల్‌గంజ్ కాడ ఒక టైలర్ తానకు తోల్కవోయిన. ఆడు నీకు టేపు వెట్టి, లోపల రాసుకునేటోనికి ఇనవడేటట్టు నీ లెక్కలు ఒర్రిండు. గాడ కూసున్న ఆడోళ్లు నవ్విన్రు. తల్లికంటె బిడ్డకే ఎక్కువున్నది అన్నరు. నువ్వు ఇంటికొచ్చి దుప్పటి కప్పుకున్నవ్. మూడు దినాలు బయటికి రాలే. పండుగనాడు చర్చికి గూడ రాలే. గా ఫ్రాక్ ఇంక పెట్టెల్నే ఉన్నది, ఒక్కసారి తొడగలే."

నాకు ఫ్రాక్ గుర్తుంది. ఎందుకు వేసుకోలేదో గుర్తులేదు. కానీ శనివారం ఆ స్టూడియోలో వెనక్కి పోయిన అడుగు నాది కాదని, దుప్పటి కప్పుకున్న ఆ పిల్లదని అప్పుడు తెలిసింది.

"గా దినం అనుకున్న," అంది అమ్మ. "నా ఇంట్ల నా బిడ్డకు టేపు ముట్టనియ్య అని. నడుముకు, దండకు ఏండ్ల సంది వేళ్లతోటే అందాజ వెట్టిన. భుజం అందాజకు రాదు. నువ్వు గుంజుకునుడు నేను జూడలేదా? అడిగితె కొలవాల్సొస్తదని అడగలే."

నేను ఏడ్చాను. గిరాకీ పాటి కూడా కానా అని అడిగినందుకు సిగ్గుపడి ఏడ్చాను. ఆ ఫ్రాక్ మీద జాలితో కూడా ఏడ్చాను. అమ్మ కొంగుతో నా ముఖం తుడిచి, "ఊకో, ముక్కు ఎర్రగైతది," అంది.

"గిప్పుడు కొలువు," అన్నాను. "నోటితోటి జెప్పు. బాపు రాసుకుంటడు."

"మీ బాపా?" అమ్మ భయపడింది.

భయపడాల్సిన విషయమే. ఇరవై ఎనిమిదేళ్లు నిండు బస్సులో టికెట్లు అడిగిన గొంతు అది. మెల్లగా మాట్లాడడం ఆయనకు రాదు. చర్చిలో ప్రార్థన చేసినా వెనక సీట్లో వాళ్లను ముందుకు జరగమన్నట్టే ఉంటుంది. అప్పటికే నోట్‌బుక్, పెన్సిల్ పట్టుకుని గడప అవతల గోడకు ఆనుకుని నిలబడ్డాడు. విన్నాడన్నమాట అంతా.

"నేను తయార్," అన్నాడు. "జెప్పున్రి."

అమ్మ లేచి నా వెనకకు వచ్చింది. టేపు చల్లగా భుజాన్ని తాకింది. కాళ్లు వెనక్కి పోబోయాయి, బొటనవేళ్లు నేలకు అదిమి నిలబడ్డాను.

"భుజం పదిహేనున్నర," అంది అమ్మ గొణుగుతూ.

"భుజం పదిహేనున్నర, రాసిన, తర్వాతా," అన్నాడు బాపు. మూల మలుపు దాకా వినిపించి ఉంటుంది.

"జర మెల్లగ," అంది అమ్మ.

"మెల్లగ వద్దు," అన్నాను నేను.

దండ పదమూడు అయింది. బాపు దాన్నీ గల్లీకి చెప్పాడు. నడుము దగ్గరికి వచ్చేసరికి అమ్మ టేపు చుట్టి చూసింది. పెదాలు మాత్రం కదిలాయి.

"ఇనవడలే," అన్నాడు బాపు.

అమ్మ నా ముఖంలోకి చూసింది. నేను తల వంచి టేపు మీద అంకె చూశాను. అది అంకె, అంతే. బస్సు మీద ఉన్నా, ఇంటి గుమ్మం మీద ఉన్నా అది అదే అంకె.

"ముప్పై ఎనిమిది, బాపూ," అన్నాను గట్టిగా.

"నడుము ముప్పై ఎనిమిదీ," అన్నాడు బాపు.

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. సుగుణమ్మ అత్త తల బయటికి పెట్టింది. "ఏంది రాజన్నా, గంతగనం ఒర్రుతున్నవ్? ముప్పై ఎనిమిది ఏంది?"

కిటికీ దగ్గరికి వెళ్లి నేనే చెప్పాను. "నా నడుమత్తా."

సుగుణమ్మ అత్త నన్ను ఎగాదిగా చూసింది.

"గంతేనా," అంది. "నాది నలభై నాలుగు, పోవే." కిటికీ మూసుకుని లోపల పడీపడీ నవ్వింది. ఆ నవ్వు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

తర్వాత పని చకచకా సాగింది. కోటు కుట్లు విప్పితే లోపల రెండు వేళ్ల గుడ్డ మడిచి ఉంది. ఎంత కుట్టినా లోపల రెండు వేళ్లు వదలమని అమ్మ నేర్పింది కాబట్టి, చేతులకు ఆ అలవాటు ఉంది కాబట్టి వదిలాను. నాకు కావాల్సిన చోటు ఆ కోటులో మొదటి నుంచీ ఉంది, విప్పి చూసుకోలేదంతే. భుజం అమ్మ విప్పింది, నేను కుట్టాను. మంగళవారం మధ్యాహ్నానికి వేసుకుని చూస్తే, వేళ్లు భుజం దగ్గరికి పోయి, అక్కడ లాగడానికి ఏమీ లేక కిందికి వచ్చేశాయి.

బుధవారం మేడం నా చుట్టూ మళ్లీ ఒకసారి తిరిగింది. భుజం కుట్టు మీద వేలు పెట్టి చూసింది.

"కొలతలు?" అంది.

"భుజం పదిహేనున్నర, దండ పదమూడు, నడుము ముప్పై ఎనిమిది," అన్నాను. తెలియకుండానే బాపు గొంతులో అన్నాను. మెషిన్ల దగ్గర ఆ ఇద్దరమ్మాయిలు ఉలిక్కిపడి చూశారు.

మేడం మెడలోని టేపు తీసి నా చేతిలో పెట్టి, లోపలి గది చూపించింది. "ఒకావిడ వచ్చారు. కూతురి పెళ్లికి కుట్టించుకోవాలి. అరగంట నుంచి మాట్లాడుతున్నారు గానీ కొలతలంటే రేపు అంటున్నారు. వెళ్లు."

లోపల ఒక పెద్దావిడ పట్టుచీర కొంగు భుజాల చుట్టూ గట్టిగా కప్పుకుని కూర్చుంది. నా చేతిలో టేపు చూడగానే ఇంకా దగ్గరికి లాక్కుంది. ఆమె చెప్పు అంచు రవ్వంత వెనక్కి జరిగింది. ఆ జరగడం నాకు బాగా తెలుసు.

"పాత జాకెట్ పంపిస్తానమ్మా, దాన్ని చూసి కుట్టండి," అంది.

నేను ఆమె పక్కన కూర్చున్నాను. "అలాగే మేడం. నాది ముప్పై ఎనిమిది," అన్నాను నా నడుము మీద చెయ్యి వేసుకుని. "మొన్నటిదాకా నాకూ తెలియదు. మా బాపు గల్లీ అంతా వినేటట్టు అరిచాడు." నెట్ ఫ్రాక్ నుంచి సుగుణమ్మ అత్త కిటికీ దాకా మొత్తం చెప్పాను. ఆవిడ మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తర్వాత అడ్డం తీసేసి నవ్వింది. నవ్వుతూనే లేచి నిలబడి కొంగు తీసి కుర్చీ మీద వేసింది.

"నాది మాత్రం అరవకమ్మా," అంది.

"ఎవరికీ చెప్పను మేడం. మేం గల్లీ మొత్తం లెక్కలు ముప్పై ఏళ్లు దాచినవాళ్లం."

బయటికి వచ్చేసరికి కీర్తిప్రియ మేడం గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "రేపు పదింటికి రా," అంది. "టేపు నీ దగ్గరే ఉంచుకో."

బస్సు ఎక్కే ముందే ఉస్మాన్‌గంజ్‌కు ఫోన్ చేశాను. "అభిషేక్ అన్నా, నేను రేపు వస్తలేను. నాకు నౌకరీ దొరికింది." ఆయన సంతోషంగా, "మంచిగైంది చెల్లే, నీ తుమ్ములకు మా గిరాకీ వోతదని నేనే ఫికర్ జేస్తున్న," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ స్టూలెక్కి గోడకు మేకు కొడుతోంది. నలభై ఒకటోది. నా కొత్త కొలతలతో ఒక తెల్ల జాకెట్ కుట్టి, లోపలి పక్క నా పేరు పెన్నుతో రాసి పెట్టింది. దాన్ని మేకుకు తగిలించి, దిగి, దూరం నుంచి చూసుకుంది. చేతులు పైకెత్తి మేకు కొట్టడంతో కొంగు జారింది. కింది హుక్కు ఎప్పటిలాగే విడిగా ఉంది.

నేను బ్యాగులోంచి టేపు తీశాను. "అమ్మా, ఇటు రా."

అమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. "నాకెందుకే. నా జాకెట్ ఉన్నది కద."

"అది పెండ్లినాటిదమ్మా."

గడప అవతల బాపు నోట్‌బుక్ పేజీ తిప్పిన చప్పుడైంది. అమ్మ గబగబా వెళ్లి కిటికీ మూసింది. మూసి, గడియ మీద చెయ్యి అలాగే ఉంచి, గోడ మీద నా తెల్ల జాకెట్ వైపు కాసేపు చూసింది. తర్వాత కిటికీ మళ్లీ తెరిచింది. వచ్చి నా ముందు నిటారుగా నిలబడి, చేతులు కాస్త ఎడంగా పెట్టింది.

"కొలువు," అంది.